వర్క్‌షాప్ ఓవర్‌హెడ్ క్రేన్ అప్‌గ్రేడ్: టన్నులు పెంచే ముందు తేల్చుకోవాల్సినవి

నిర్మాణ కంపెనీ మెయింటెనెన్స్ వర్క్‌షాప్‌లో క్రేన్ మీద ఫిర్యాదులు పెరిగాయంటే యాజమాన్యానికి ముందుగా తోచే పరిష్కారం టన్నులు పెంచడం. 10 టన్నులది 16 చేద్దాం, కుదిరితే 20 చేద్దాం. తీరా ఆ షెడ్డులో రోజూ లేచే బరువులు రాసుకుని చూస్తే లెక్క వేరేలా తేలుతుంది. 20 టన్నుల తరగతి ఎక్స్‌కవేటర్ ఇంజన్ బరువు టన్ను కూడా ఉండదు. కౌంటర్‌వెయిట్ 4 టన్నులకు అటూఇటూ. బూమ్, ఆర్మ్ కలిపి ఎత్తినా అంతకంటే తక్కువే.

మెకానిక్‌ని కదిపి చూడండి, అతని బాధ బరువు గురించి కాదు. ఫ్లైవీల్ హౌసింగ్‌కి ట్రాన్స్‌మిషన్ కలిపేటప్పుడు 2 మి.మీ. దించాలని బటన్ తాకితే లోడు 30 మి.మీ. దిగుతుంది. ఇందులో ఆపరేటర్ తప్పేమీ లేదు. నిమిషానికి 4 మీటర్ల ఒకే వేగంతో నడిచే హాయిస్ట్ (క్రేన్‌లో బరువుని ఎత్తి దించే భాగం) సెకనుకు 67 మి.మీ. కదులుతుంది. అర సెకను నొక్కితే 33 మి.మీ. పోయినట్టే. అందుకే ఒకరు బటన్ దగ్గర, ఇద్దరు ప్రై బార్‌లతో లోడు దగ్గర నిలబడి ఇన్‌పుట్ షాఫ్ట్ స్ప్లైన్‌తో (ఒకదానిలో ఒకటి కూర్చోవలసిన గాడులతో) గంటలు గంటలు కుస్తీ పడతారు. ఇలాంటి షెడ్డుకి కావలసింది బరువు మీద పట్టు. టన్నులు పెంచడం గిర్డర్లు, పట్టాలు, కాలమ్‌లతో ముడిపడిన పని. పట్టు పెంచడం చాలావరకు డ్రైవ్ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం), బ్రేక్‌లతో అయిపోయే పని. రెండింటి ఖర్చుకీ పొంతన ఉండదు.

ముందు లాగ్‌బుక్, తర్వాత కొటేషన్

హాయిస్ట్ మోటారుకి అవర్ మీటర్ ఒకటి బిగించి, ఒక నెలపాటు ప్రతి లిఫ్ట్ బరువునూ రాయించండి. క్రేన్‌లో ఎంత ఆయుష్షు మిగిలిందో తేలేది ఇక్కడే. హాయిస్ట్ అరుగుదల బరువు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. సగం లోడు ఎత్తితే పూర్తి లోడు కలిగించే నష్టంలో ఎనిమిదో వంతే జరుగుతుంది.

ఎం5 తరగతి హాయిస్ట్ తీసుకుందాం (ఎంత వాడకానికి తట్టుకుంటుందో చెప్పేది ఈ తరగతి). ఎఫ్‌ఈఎం అనే యూరప్ సంస్థ లెక్కలో దీనికి పూర్తి లోడుతో 1,600 గంటల ఆయుష్షు. రోజుకు 2 గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు నడిస్తే 600 గంటలు. ఎత్తే బరువుల ఘన సగటు (ఘనాల సగటుకి ఘనమూలం) కెపాసిటీలో సగమైతే ఆ 600 గంటలు 75 పూర్తి లోడు గంటలకు సమానం, అంటే 21 ఏళ్ల పైమాటే. అదే సగటు 80 శాతమైతే ఏడాదికి 307 గంటలు కరిగిపోతాయి, అయిదేళ్లకే లెక్క సరి. తయారైన తేదీ ఒకటే అయినా ఒక షెడ్డులో క్రేన్ కుర్రదిగా, పక్క షెడ్డులో ముసలిదిగా ఉండేది ఇందుకే. ఆయుష్షు అయిపోయిన గేర్‌బాక్స్‌కి కొత్త కంట్రోల్ ప్యానెల్ తగిలించడం డబ్బు దండగ. ముందు గేర్‌బాక్స్ విప్పించి పళ్లు, బేరింగులు చూడాలి.

లాగ్‌బుక్‌లో ఇంకొకటి కూడా బయటపడుతుంది. లిఫ్టుల్లో ఎక్కువ భాగం అర టన్ను, టన్ను లోపు సామాన్లే అయితే, వర్క్‌బెంచీల దగ్గర ఒకటి రెండు జిబ్ క్రేన్లు (స్తంభం మీద చేయిలా తిరిగే చిన్న క్రేన్లు) పెట్టడం వల్ల వచ్చే లాభం పెద్ద క్రేన్‌ని మార్చినా రాదు. ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చే 14 టన్నుల లిఫ్ట్ కోసం షెడ్డంతా బలపరిచే కంటే ఆ రోజుకి మొబైల్ క్రేన్ అద్దెకు తెచ్చుకోవడం నయం.

కెపాసిటీ పెంచితే ఎక్కడెక్కడ తగులుతుంది

నిజంగానే టన్నులు పెంచక తప్పదనుకుంటే చక్రం నుంచి కింది దాకా లెక్క వేయాలి. 15 మీటర్ల స్పాన్ (రెండు పట్టాల మధ్య దూరం), 10 టన్నుల కెపాసిటీ, గిర్డర్లు, ఎండ్ క్యారేజీలు (గిర్డర్ల చివర చక్రాలుండే భాగాలు) కలిసిన బ్రిడ్జి 9 టన్నులు, గిర్డర్ల మీద హాయిస్ట్‌ని మోసుకుంటూ నడిచే క్రాబ్ 2.5 టన్నులు అనుకుందాం. ఒక్కో వైపు రెండు చక్రాలు. హుక్ ఒక పట్టాకి 1 మీటరు దగ్గరకు వచ్చినప్పుడు ఆ వైపు పడేది: లోడు, క్రాబ్ కలిసిన 12.5 టన్నుల్లో పదిహేనింట పద్నాలుగు వంతులు, అంటే 11.67 టన్నులు. దానికి బ్రిడ్జి బరువులో సగం, 4.5 టన్నులు కలపాలి. మొత్తం 16.17. చక్రానికి సుమారు 8.1 టన్నులు.

ఇదే బ్రిడ్జి మీద 16 టన్నుల హాయిస్ట్, 3.5 టన్నుల క్రాబ్ పెడితే చక్రానికి 11.35 టన్నులు, అంటే 40 శాతం ఎక్కువ. ఈ భారం చక్రం, బేరింగ్, పట్టా, పట్టాని మోసే గ్యాంట్రీ గిర్డర్, బ్రాకెట్, కాలమ్, పునాది అన్నిటి మీదా పడుతుంది. పైగా ఇది కదలని బరువు లెక్క మాత్రమే. లోడు లేచేటప్పుడు తగిలే కుదుపు, క్రాబ్ బ్రేక్ వేసినప్పుడు అడ్డంగా వచ్చే తోపు దీనికి అదనం. షెడ్డు డ్రాయింగులు దొరకని పాత భవనాల్లో స్ట్రక్చరల్ ఇంజినీర్ ఈ ఒక్క అంకె దగ్గరే కాదనేస్తాడు, అది న్యాయమే.

మరి దారి లేదా అంటే, కొంతవరకు ఉంది. పాత ఓపెన్ వించ్ క్రాబ్ తీసేసి 1.8 టన్నుల కాంపాక్ట్ క్రాబ్ పెట్టి, కెపాసిటీ 12.5 టన్నులతో ఆపితే చక్రానికి 8.9 టన్నులే. పెరిగింది 10 శాతం. గిర్డర్లో, గ్యాంట్రీలో ఆ మాత్రం మిగులు చాలాసార్లు ఉంటుంది, అయితే లెక్క వేసి చూపాల్సిందే. ఇలాంటి క్రాబ్‌తో హుక్ ఎత్తు కూడా కలిసొస్తుంది. డంపర్ బాడీ పైనుంచి ఇంజన్ దాటించే షెడ్డులో అర మీటరు అదనపు ఎత్తు రెండు టన్నుల అదనపు కెపాసిటీ కంటే విలువైనది.

ఇక రోప్ సంగతి. 10 టన్నులకు నాలుగు ఫాల్స్ (హుక్‌ని మోసే రోప్ పాయలు), 16 మి.మీ. రోప్, 1770 గ్రేడ్ (తీగ బలం) స్టీల్ కోర్ అనుకుంటే తెగే బలం సుమారు 160 కిలోన్యూటన్లు. హుక్ బ్లాక్‌తో కలిపి ఒక్కో ఫాల్‌కి 25 కిలోన్యూటన్లు. భద్రతా గుణకం 6.4, బాగానే ఉంది. అదే రోప్‌తో 16 టన్నులు ఎత్తితే ఫాల్‌కి 40 కిలోన్యూటన్లు, గుణకం 4కి పడిపోతుంది. కనీసం 5 ఉండాలని చూసే చోట ఇది చెల్లదు. ఫాల్స్ ఆరు చేద్దామంటే హుక్ వేగం మూడో వంతు తగ్గుతుంది, అదే ఎత్తుకి డ్రమ్ (రోప్ చుట్టుకునే సిలిండర్) మీద ఒకటిన్నర రెట్లు రోప్ చుట్టాలి. డ్రమ్ పొడవు చాలకపోతే హుక్ నేలకు దిగదు. హుక్ పూర్తిగా కిందికి దిగినప్పుడు కూడా డ్రమ్ మీద కనీసం 2 చుట్లు, వీలైతే 3 మిగిలి ఉండాలన్నది మరచిపోకూడదు.

గిర్డర్ వంపు చివరగా. ఏ ప్రమాణం పాటిస్తున్నారన్నదాన్ని బట్టి పరిమితి మారుతుంది. స్పాన్‌లో 750వ వంతు అనుకుంటే 15 మీటర్లకు 20 మి.మీ. అవుతుంది. వంపు ఆ పరిమితిలోనే ఉన్నా లోహం అలసట (పదే పదే భారం పడి పగుళ్లు రావడం) సంగతి వేరు. గిర్డర్ కింది ఫ్లాంజ్ (అడుగు ప్లేటు) వెల్డులు, డయాఫ్రమ్ (లోపలి అడ్డ ప్లేటు) మూలలు, ఎండ్ క్యారేజీ జాయింట్లు పెయింట్ గీకి మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష (అయస్కాంతంతో పైపగుళ్లు బయటపెట్టేది) చేయించాలి. పగులు కనిపించిన గిర్డర్‌కి పైన ప్లేటు అతికించి కెపాసిటీ పెంచాలనుకోవడం కంటే కొత్త గిర్డర్ చేయించుకోవడమే మంచిది.

పట్టాలు వంకరైతే పైన ఏది మార్చినా అంతే

అప్‌గ్రేడ్ బడ్జెట్లో అందరూ కోత పెట్టేది పట్టాల దగ్గరే, అక్కడే కోత పెట్టకూడదు. క్రేన్ వాలుగా నడుస్తోందని, చక్రాల ఫ్లాంజ్ (పట్టా పక్కకి దిగే అంచు) ఒక వైపే అరుగుతోందని చెప్తే చాలామంది మోటార్లనే అనుమానిస్తారు. ముందు పట్టా పక్క భాగం చూడండి. ఒక వైపు అద్దంలా మెరుస్తూ, కింద ఇనుప పొడి రాలి ఉంటే అక్కడ ఫ్లాంజ్ గీరుతోందని అర్థం. ఎప్పుడూ ఒకే చోట గీరితే ఆ చోట పట్టాలో తేడా. పొడవునా గీరుతుంటే చక్రాల్లోనో, వాటి అలైన్‌మెంట్లోనో తేడా.

టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో ప్రతి కాలమ్ దగ్గరా, కాలమ్‌ల నడుమ కూడా కొలతలు తీయించాలి. సాధారణ వర్క్‌షాప్ క్రేన్‌కి స్పాన్ తేడా ప్లస్ లేదా మైనస్ 5 మి.మీ. లోపు ఉండటం మంచి గురి, పట్టాలు, చక్రాల తేడాల పరిమితులు చెప్పే ఐఎస్‌ఓ 12488 ప్రమాణంలోని తరగతిని బట్టి ఇది మారుతుంది. జాయింట్ల దగ్గర మెట్టు ఉంటే గ్రైండ్ చేసి వాలు ఇవ్వాలి. క్లిప్పులు వదులై పట్టా జరిగితే షిమ్‌లు (పలుచని రేకులు) పెట్టి మళ్లీ బిగించాలి. క్లిప్పుకి బదులు పట్టాని గిర్డర్‌కి వెల్డ్ చేసేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆ వెల్డ్ దగ్గరే గిర్డర్ పై ఫ్లాంజ్‌కి పగులు మొదలవుతుంది.

డ్రైవ్ చక్రాల వ్యాసాలు రెండు వైపులా ఒకటే ఉండాలి. ఒక వైపు చక్రం అరిగి చిన్నదైతే అదే చుట్లకు ఆ వైపు తక్కువ దూరం పోతుంది, క్రేన్ మెలి తిరుగుతుంది. అందుకే చక్రాలు మారిస్తే జతగా మార్చాలి. వర్క్‌షాపుల్లో ఇంకో తంటా, హైడ్రాలిక్ ఆయిల్ తుంపర్లు, గేర్‌బాక్స్ లీకులు పట్టా మీద పడటం. ఒక వైపు చక్రం జారితే ఎంత ఖరీదైన డ్రైవ్ అయినా చేసేదేమీ ఉండదు.

వీఎఫ్‌డీ ఇచ్చేది, ఇవ్వలేనిది

పాత క్రేన్‌లో కాంటాక్టర్లతో (కరెంటు కలిపి తెంచే పెద్ద స్విచ్‌లతో) నడిచే మోటార్లకు వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్‌లు (వీఎఫ్‌డీలు, కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి వేగాన్ని అదుపు చేసేవి) పెట్టడమే అప్‌గ్రేడ్‌లో గుండెకాయ. నిమిషానికి 4 మీటర్ల హాయిస్ట్‌ని 0.2 మీటర్లకు తగ్గించి నడిపితే సెకనుకు 3.3 మి.మీ. అర సెకను బటన్ తాకితే 2 మి.మీ. లోపే కదలిక. పైన చెప్పిన ట్రాన్స్‌మిషన్ బాధ తీరేది దీనితోనే. లాంగ్ ట్రావెల్ (పట్టాల వెంట క్రేన్ నడక), క్రాస్ ట్రావెల్‌లలో (గిర్డర్ల వెంట క్రాబ్ నడక) మెల్లగా వేగం అందుకోవడం, మెల్లగా ఆగడం వల్ల లోడు ఊగడం తగ్గుతుంది.

వేగం పెంచుతుందనుకుంటేనే నిరాశ. 10,000 కిలోలను నిమిషానికి 4 మీటర్లు ఎత్తడానికి కావలసిన కిలోవాట్లు తేల్చాలంటే, బరువుని వేగంతో గుణించి, 6,120 తోనూ సామర్థ్యం 0.85 తోనూ భాగించాలి. 7.7 వస్తుంది. వేగం 6 మీటర్లు కావాలంటే 11.5. మోటారు, గేర్‌బాక్స్ మారకుండా డ్రైవ్ ఆ శక్తిని పుట్టించలేదు. తేలిక లోడుతోనో ఖాళీ హుక్‌తోనో వేగం పెంచుకోవచ్చు, అది మాత్రం బాగా పనికొస్తుంది.

హాయిస్ట్‌లో అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సింది బ్రేక్ లాజిక్. మోటారు టార్క్ పట్టుకుందని డ్రైవ్ నిర్ధారించుకున్నాకే బ్రేక్ తెరుచుకోవాలి. ఆగేటప్పుడు వేగం దాదాపు సున్నాకు వచ్చాక పడాలి. ఈ క్రమం తప్పితే గాల్లో ఆగి ఉన్న లోడు "పైకి" నొక్కగానే ముందు ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికి జారి తర్వాత లేస్తుంది. ఈ జారుడు కనిపిస్తే క్రేన్‌ని వాడకానికి ఇవ్వకూడదు. హాయిస్ట్‌కి ఎన్‌కోడర్‌తో (మోటారు తిరిగే వేగాన్ని కొలిచే సెన్సార్‌తో) క్లోజ్డ్ లూప్ పెట్టడం, అంటే ఆ కొలతను చూసి డ్రైవ్ సరిదిద్దుకునేలా చేయడం, ఎన్‌కోడర్ సిగ్నల్ పోతే వెంటనే బ్రేక్ పడి ఆగేలా చూడటం తప్పనిసరి అనే అనుకోవాలి.

బ్రేక్‌ని తెరిచే కాయిల్‌కి సప్లై ఎక్కడి నుంచి వస్తోందో కూడా చూడాలి. పాత బ్రేక్ మోటార్లలో కాయిల్ మోటారు టెర్మినల్స్ మీదే ఉంటుంది. దాన్ని అలాగే వదిలి డ్రైవ్ కలిపితే తక్కువ ఫ్రీక్వెన్సీలో వోల్టేజ్ చాలక బ్రేక్ సగం తెరుచుకుని లైనింగ్ కాలిపోతుంది. కాయిల్‌కి వేరే సప్లై, వేరే కాంటాక్టర్ ఇవ్వాలి. రోటర్ జరిగితే బ్రేక్ తెరుచుకునే కోనికల్ రోటర్ మోటార్లతో ఈ చిక్కు ఇంకా ఎక్కువ, వాటిని మార్చేయడమే సుఖం. స్లిప్ రింగ్ మోటార్లకు (రోటర్‌కి రింగుల ద్వారా రెసిస్టర్లు కలిపే పాత రకం) రింగులు షార్ట్ చేసి డ్రైవ్‌తో నడిపేవాళ్లున్నారు. పాత ఇన్సులేషన్ డ్రైవ్ నుంచి వచ్చే వోల్టేజ్ స్పైక్‌లకు ఎంతకాలం ఆగుతుందో చెప్పలేం. ఇన్వర్టర్ డ్యూటీ మోటారు (డ్రైవ్‌తో నడిచేలా చేసినది) వేసి, షాఫ్ట్ ఎత్తు కలిసేలా అడాప్టర్ బేస్ ప్లేటు చేయించుకోవడం నిలబడే పని. మైక్రో స్పీడ్‌లో పూర్తి టార్క్‌తో నిమిషాలకొద్దీ నడిచే మోటారుకి దాని సొంత ఫ్యాన్ గాలి చాలదు, విడిగా నడిచే ఫ్యాన్ కావాలి.

లోడు దిగేటప్పుడు మోటారు జనరేటర్‌గా మారుతుంది. 10 టన్నులు నిమిషానికి 4 మీటర్ల చొప్పున దిగితే 6.5 కిలోవాట్లు, గేర్‌బాక్స్ నష్టాలు పోను సుమారు 5.5 కిలోవాట్లు డ్రైవ్‌కి తిరిగొస్తాయి. 6 మీటర్లు దిగడానికి 90 సెకన్లు. అంతసేపూ ఆ శక్తిని వేడిగా మార్చి బ్రేకింగ్ రెసిస్టర్ భరించాలి. కన్వేయర్ల కోసం అమ్మే, కొద్ది సెకన్ల రేటింగ్ ఉన్న రెసిస్టర్ పెడితే సగం దారిలో డ్రైవ్ ఓవర్‌వోల్టేజ్ చూపించి ట్రిప్ అవుతుంది, లోడు గాల్లో వేలాడుతుంది. రెసిస్టర్‌ని ప్యానెల్ బయటే బిగించాలి. షెడ్డు కప్పు కింద వేసవిలో వేడి 50 డిగ్రీలు దాటుతుంది. డ్రైవ్‌ల రేటింగ్ మామూలుగా 40 డిగ్రీలకు ఇచ్చేది, పైన తగ్గుతూ పోతుంది. అందుకే హాయిస్ట్ డ్రైవ్‌ని ఒక సైజు పెద్దది తీసుకోవడం వృథా కాదు.

లాంగ్ ట్రావెల్‌లో రెండు మోటార్లకు ఒకే డ్రైవ్ పెట్టొచ్చు. అప్పుడు డ్రైవ్ వి/ఎఫ్ మోడ్‌లో (వోల్టేజ్, ఫ్రీక్వెన్సీ ఒకే నిష్పత్తిలో మార్చే పద్ధతి) ఉండాలి, ఒక్క మోటారునే లెక్కగట్టి నడిపే వెక్టర్ మోడ్ కుదరదు. ఒక్కో మోటారుకి విడిగా ఓవర్‌లోడ్ రిలే ఉండాలి, లేకపోతే ఒకటి ఇరుక్కుపోయినా డ్రైవ్‌కి తెలియదు.

ఓవర్‌లోడ్, లిమిట్లు, రిమోట్

బరువు కొలిచే లోడ్ సెల్‌ని రోప్ డెడ్ ఎండ్ (కదలకుండా బిగించిన కొస) దగ్గర పెడితే నాలుగు ఫాల్స్‌లో దాని మీద పడేది నాలుగో వంతు. 110 శాతం దాటితే పైకి ఎత్తడం మాత్రం ఆగాలి, దించడం ఆగకూడదు. రెండూ ఆపేసేలా వైరింగ్ చేస్తే లోడు పైనే ఇరుక్కుంటుంది. వర్క్‌షాపుల్లో ఓవర్‌లోడ్ వచ్చేది బరువు పెరిగి కాదు, ఒక్క బోల్టు విప్పడం మరచిపోయిన హౌసింగ్‌ని లాగినప్పుడే ఎక్కువ. ఆ ఒక్క సందర్భంలోనే ఈ సెల్ ఖరీదు వసూలైపోతుంది.

పైకి రెండు లిమిట్లు (హద్దు దగ్గర ఆపే స్విచ్‌లు) కావాలి. రోజువారీ ఆగడానికి డ్రమ్ తిరిగిన చుట్లను బట్టి ఆపే రోటరీ లిమిట్, అది తప్పితే హుక్ బ్లాక్ నేరుగా తాకి ఆపే గ్రావిటీ లిమిట్. రెండోది డ్రైవ్ ఇన్‌పుట్‌ని మాత్రమే ఆపితే ప్రయోజనం లేదు, మెయిన్ కాంటాక్టర్‌నే పడగొట్టాలి. రేడియో రిమోట్‌లోని ఎమర్జెన్సీ స్టాప్‌కీ ఇదే సూత్రం. పెండెంట్‌ని (క్రేన్ నుంచి వేలాడే బటన్ల పెట్టె) తీసి పారేయకుండా స్టాండ్‌బైగా ఉంచండి. రెండూ ఒకేసారి పనిచేయకుండా సెలెక్టర్ ఉండాలి. బేర్ యాంగిల్ ఐరన్ మీద నడిచే కరెంటు లైను ఉంటే, తొడుగు ఉన్న బస్‌బార్‌తో మార్చడానికి ఇదే అదను.

వెల్డింగ్ జరిగే షెడ్డుల్లో ఒక నష్టం కంటికి కనపడకుండా జరుగుతుంది. హుక్‌కి వేలాడుతున్న భాగాన్ని వెల్డ్ చేస్తే, ఎర్త్ క్లాంప్ సరిగా పట్టకపోతే కరెంటు రోప్ గుండా తిరిగి వెళ్తుంది. షీవ్‌ల (రోప్ తిరిగే కప్పీల) దగ్గర రోప్‌లోని వైర్లు చిన్న చిన్న చుక్కలుగా కాలి పెళుసెక్కుతాయి. హుక్‌కి ఇన్సులేషన్ ఉన్న షాకిల్ వాడటం, బరువు కింద పెట్టాకే వెల్డ్ చేయడం రెండూ కావాలి.

షట్‌డౌన్, పరీక్ష

కొత్త ప్యానెల్‌ని నేల మీదే మోటార్లకు కలిపి, ప్రతి లిమిట్‌నీ చేత్తో తట్టి పరీక్షించాకే పైకెక్కించాలి. అలా చేస్తే పైన పని రెండు మూడు రోజుల్లో ముగుస్తుంది, లేదంటే తప్పులన్నీ నిచ్చెన మీద నిలబడి వెతుక్కోవాలి. ఒకే బేలో రెండు క్రేన్లుంటే పని జరిగే చోటికి రెండోది రాకుండా పట్టా మీద తాత్కాలిక స్టాపర్లు బిగించాలి. కరెంటు స్విచ్‌కి తాళం వేసి ట్యాగ్ తగిలించినంత మాత్రాన సరిపోదు.

బరువు పరీక్షలో ముందు రేటెడ్ లోడు. ఖాళీగా ఉన్నప్పుడు గిర్డర్ మధ్యలో రీడింగ్ తీసుకుని, లోడుతో వంపు కొలవాలి. తర్వాత 110 శాతంతో అన్ని కదలికలూ. కెపాసిటీ పెంచినా, గిర్డర్ ముట్టుకున్నా 125 శాతం స్టాటిక్ పరీక్ష తప్పదు: నేల నుంచి 100–200 మి.మీ. ఎత్తి, 10 నిమిషాలు ఉంచి, దించి, రీడింగ్ మొదటి చోటికి తిరిగొచ్చిందో లేదో చూడాలి. రాకపోతే గిర్డర్ శాశ్వతంగా వంగినట్టే. పరీక్షకు కౌంటర్‌వెయిట్లు వాడుకోవచ్చు, కానీ వేబ్రిడ్జి మీద తూచినవే. 125 శాతానికి ఓవర్‌లోడ్ సెట్టింగ్‌ని తాత్కాలికంగా పక్కన పెట్టాల్సి వస్తుంది. దాన్ని మళ్లీ 110కి తెచ్చినట్టు సంతకం ఉండాలి.

డ్రైవ్ పారామీటర్ల కాపీని మెమరీలోనూ కాగితం మీదా దాచిపెట్టండి. రెండేళ్ల తర్వాత డ్రైవ్ కాలిపోయి కొత్తది వస్తే, ఫ్యాక్టరీ సెట్టింగులతో నడిచే హాయిస్ట్ అంత ప్రమాదం ఇంకోటి లేదు. వీఎఫ్‌డీ వచ్చాక బ్రేక్ ఆపే పని మానేసి పట్టుకునే పని మాత్రమే చేస్తుంది. లైనింగ్ అరగదు కాబట్టి ఎవరూ దాని వైపు చూడరు. ఈలోపు బ్రేక్ డ్రమ్ మీద తుప్పో, నూనె పొరో చేరి పట్టు తగ్గిపోయి, ఒకనాడు ఎమర్జెన్సీ స్టాప్ నొక్కినప్పుడు గానీ ఆ సంగతి తెలియదు. నెలకొకసారి రేటెడ్ లోడుని నేలకు 200 మి.మీ. ఎత్తులో ఆపి, డ్రైవ్ సప్లై తీసేసి, బ్రేక్ ఒక్కటే పట్టుకుని ఉందో లేదో చూసి లాగ్‌బుక్‌లో రాయాలి.